చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండట్లేదు

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో ఓ ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ, జర్మనీ వెళ్లాలని గ్యోటె బీ2 అనే జర్మన్ భాష పరీక్షకు చదువుతున్నాను. విడివిడిగా మాటలన్నీ తెలుసు. పేరా చివరికొచ్చేసరికి మొదట ఏం చదివానో గుర్తుండదు. నా జ్ఞాపకశక్తిలోనే లోపం ఉందా మేడమ్?
- ఓ పాఠకురాలు, పెరంబూరు

జవాబు: లేదమ్మా. డ్యూటీ మారేటప్పుడు వార్డులో పేషెంట్లందరి సంగతీ వరసగా అప్పజెప్పే మనిషి మీరు, మీ జ్ఞాపకశక్తికి ఢోకా లేదు. చదివేటప్పుడు మనసు అప్పటికప్పుడు పట్టి ఉంచుకునే చోటు ఎవరికైనా ఇరుకే. 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ అటూ ఇటూగా ఏడు అంశాలన్నారు, 2001లో అదే రంగానికి చెందిన నెల్సన్ కోవన్ దాన్ని నాలుగు దాకా తగ్గించారు. తెలుగులో నాలుగైదు మాటలు కలిసి ఒకే అంశంగా పడతాయి కాబట్టి ఆ ఇరుకు మనకు తెలియదు. జర్మన్‌లో ఇంకా ఒక్కో మాటా విడిగా చోటు అడుగుతోంది. దాన్ని తెలుగులోకి మార్చుకునేలోగా వెనకటి మాట జారిపోతోంది.

మీ వార్డు మాటే చూడండి. జర్మన్ వాక్యం పేషెంట్ 'నిమ్ట్' (తీసుకుంటాడు) అని మొదలవుతుంది. వాక్యం చివర 'ఐన్' వస్తే మందు వేసుకుంటున్నాడు, 'ఆబ్' వస్తే బరువు తగ్గుతున్నాడు, 'త్సు' వస్తే పెరుగుతున్నాడు. 'నిమ్ట్' దగ్గరే అర్థం ఖాయం చేసేసుకుంటే చివర్లో అంతా తిరగబడుతుంది. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం తెలుగువాళ్లకు చిన్నప్పటి అలవాటే, ఆ ఓపికే ఇక్కడా చూపండి.

నా క్లాసుల్లో ఎక్కువమందిని దెబ్బతీసేది ఇంకొకటుంది. తెలుగులో అర్థం తెగితే కళ్లు వాటంతటవే వెనక్కి వెళతాయి. పరాయి భాషలో చాలాసార్లు తెగిందనే తెలియదు, చదువుకుంటూ పోతాం. అందుకే ఫుల్‌స్టాప్ దగ్గర ఆగి, ఎవరు ఏం చేశారో తెలుగులో పొట్టిగా అనుకోండి. అనుకోలేకపోతే పక్కన పెన్సిల్ గీత పెట్టి ఆ ఒక్క వాక్యానికే వెనక్కి వెళ్లండి. మాటమాటకీ 'అర్థమైందా, లేదా' అని మాత్రం చూసుకోవద్దు. ఆ టెన్షన్ కూడా ఆ ఇరుకు చోటులోనే కూర్చుంటుంది.

షుగరు, డ్రెస్సింగ్ లాంటి మీకు బాగా తెలిసిన విషయాలతో మొదలుపెట్టి, ఒకే పాఠాన్ని రెండు మూడు రోజులు చదవండి. మాటలు గుంపులుగా పట్టుబడతాయి. నైట్ డ్యూటీ దిగిన పొద్దున పుస్తకం ముట్టుకోవద్దు. పరీక్షలో రీడింగ్ 5 భాగాలకు 65 నిమిషాలిస్తారు, కానీ గడియారం పెట్టుకుని చదవడం ఇవన్నీ కుదిరాకే.