చీటీ పాడేసి కోర్సు ఫీజు కట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. పదో తరగతి పాసయ్యాడు, కరెంటు పనులంటే ఇష్టం. ఓ ప్రైవేటు సంస్థ ఏడాది కోర్సుకు రూ.1.20 లక్షలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. నేను 25 నెలల రూ.2 లక్షల చీటీలో నాలుగు వాయిదాలు కట్టాను. పాడేసి ఫీజు కట్టమంటారా, ఐటీఐలో చేర్చమంటారా?

జవాబు: చీటీ ఇప్పుడు పాడొద్దు. అబ్బాయిని ఐటీఐలో చేర్చండి.

మొదటి నెలల్లో పాట జోరుగా సాగుతుంది. పాటలో వదులుకునే తగ్గింపు చట్టం ప్రకారం 40 శాతం దాకా పోవచ్చు. అంతవరకూ వెళ్తే రూ.2 లక్షల చీటీలో మీ చేతికి వచ్చేది రూ.1.20 లక్షలే. డివిడెండ్ (సభ్యులందరికీ పంచే తగ్గింపు వాటా) రూపంలో కొంత వెనక్కి వచ్చినా నష్టం పూడదు. 'పోనీ, ఈఎంఐలో కట్టండి' అని సంస్థే అంటే ఇంకా జాగ్రత్తపడాలి. చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీ అప్పు. అబ్బాయి మైనర్ కాబట్టి సంతకం మీదే. డబ్బు ముందే సంస్థకు చేరిపోతుంది, క్లాసులు మధ్యలో ఆగినా ఈఎంఐ ఆగదు. 16 శాతం వడ్డీతో మూడేళ్లకైతే నెలకు సుమారు రూ.4,220, మొత్తం దాదాపు రూ.1.52 లక్షలు.

ఇక గ్యారంటీ సంగతి. ఏ పని, ఎంత జీతం, ఇప్పించకపోతే ఎంత వాపసు అన్నది రాతపూర్వకంగా అడగండి. కాగితం మీద 'ప్లేస్‌మెంట్ సహాయం' అని మాత్రమే ఉంటే అది గ్యారంటీ కాదు. ఏదో కాల్ సెంటర్ ఇంటర్వ్యూకు పంపినా వాళ్ల మాట చెల్లినట్టే.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. ఆ సర్టిఫికెట్‌తో రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు దరఖాస్తు చేయొచ్చు, లాటరల్ ఎంట్రీలో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోనూ చేరొచ్చు. ప్రభుత్వ ఐటీఐలో సీటు రాక ప్రైవేటుకు వెళ్తే, ఆ సంస్థకు గుర్తింపు ఉందా అని కాక, ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కు గుర్తింపు ఉందా అని చూడండి. గుర్తింపు ట్రేడ్‌వారీగా ఇస్తారు. హాజరు 80 శాతం తగ్గితే పరీక్ష రాయనివ్వరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందేమో చేరేటప్పుడే కనుక్కోండి.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ (స్టైపెండ్ తీసుకుంటూ కంపెనీలో పని నేర్చుకోవడం) వదలొద్దు. కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది చట్టం. 2019 నిబంధనల్లో ఐటీఐ పాసైనవారికి కనీస స్టైపెండ్ నెలకు రూ.7,000. కంపెనీ నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం)లో ఉంటే అందులో రూ.1,500 కేంద్రం నేరుగా అప్రెంటిస్ ఖాతాలో వేస్తుంది, కంపెనీ ఇచ్చేది రూ.5,500. అది చూసి 'కోత పెట్టారు' అనుకుంటారు. నిజానికి అది కోత కాదు. కానీ ఖాతా ఆధార్‌తో అనుసంధానం కాకపోతే కేంద్రం వాటా ఆగిపోతుంది. చేరకముందే బ్యాంకులో ఆ పని పూర్తిచేయించండి.

ఒప్పందం కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైందో లేదో మొదటి నెలలోనే చూసుకోవాలి. కొన్ని కంపెనీలు 'ట్రెయినీ' అని లెటరిచ్చి పని చేయించుకుంటాయి. నమోదు లేకపోతే చివర్లో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు, ఆ ఏడాది వృథా. పీఎఫ్ ఉండదు, ఆ తర్వాత ఉద్యోగంలోకి తీసుకోవాలన్న బాధ్యతా కంపెనీకి లేదు. ఇది తెలిసే చేరాలి.

మీ చీటీ ముగిసేది ఐటీఐ పూర్తయ్యే రోజుల్లోనే. చివరి నెలలో తీసుకుంటే ఫోర్‌మన్ (చీటీ నడిపేవారి) కమీషన్ మాత్రమే పోతుంది. అది 7 శాతం దాటకూడదు కాబట్టి కనీసం రూ.1.86 లక్షలు రావాలి. చీటీ రిజిస్టరైనదో కాదో ఒకసారి చూసుకోండి, కాకపోతే ఈ లెక్కలకు రక్షణ లేదు. అబ్బాయి వేరే ఊళ్లో గది తీసుకుని ఉంటే, నెలకు రూ.10,000 ఖర్చనుకుంటే స్టైపెండ్‌కు మరో రూ.3,000 కలపాలి, ఏడాదికి రూ.36,000. స్టైపెండ్ ఆలస్యం కావడం మామూలే, అందుకని మరో రూ.20,000 విడిగా ఉంచండి. మిగతాది ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. పాలిటెక్నిక్‌కు వెళ్తానన్నా, సొంతంగా పనిముట్లు కొనుక్కుంటానన్నా అప్పటికి ఆ డబ్బు సిద్ధంగా ఉంటుంది.