గోథా కోటలో ఏం చూడాలి?

ప్రశ్న: జర్మనీలోని గోథా పట్టణంలో ఒక పూట గడిపే వీలుంది. అక్కడి డ్యూకుల కోటలో తప్పక చూడవలసినది ఏమిటి?

జవాబు: ముప్పై ఏళ్ల యుద్ధం ఇంకా ముగియకముందే, 1643లో డ్యూక్ ఒకటవ ఎర్నెస్ట్ కట్టడం మొదలుపెట్టిన ఆ కోట పేరు ఫ్రీడెన్‌స్టైన్, ఆ పేరులోనే శాంతి అనే మాట ఉంది. పడమటి బురుజులోని ఎక్‌హోఫ్ నాటకశాలకు ఎక్కువ సమయం కేటాయించండి. వేదిక కింద ఉన్న కొయ్య ఇరుసును మనుషులు తిప్పగానే తాళ్లు బిగిసి, ఒక దృశ్యపు పక్కతెరలు వెనక్కి జరుగుతుండగానే మరో దృశ్యపు తెరలు ముందుకు వచ్చేలా 17వ శతాబ్దంలో అమర్చిన యంత్రాంగం నేటికీ పనిచేయడం నిజంగా అపురూపం. ఆ తరువాత 1769లో మొదలైన ఆంగ్ల శైలి ఉద్యానంలో నడవండి. అక్కడి చెరువు నడుమ చిన్న దీవిలో డ్యూక్ రెండవ ఎర్నెస్ట్ సమాధి ఉంది.