ఆ తుప్పు గీకకు, నాన్నా

చి. కార్తీక్‌కి బాబాయి ఆశీస్సులు.

ఫోటోలు చూశాను. వించెస్టర్ 1873 మోడల్ పాత రైఫిల్ మన ఇంటికి రావడం నాకు పండగలా ఉంది. కానీ "ఈ వీకెండ్ తుప్పంతా గీకేసి తళతళలాడిస్తా" అన్నావు చూడు, అప్పటినుంచి ఒకటే టెన్షన్. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు తూటా ఉందేమో చూడు. వందేళ్లుగా ఎవరూ ముట్టలేదులే అన్న ధీమా వద్దు. ట్రిగ్గర్ జోలికి పోకుండా, గొట్టం మనుషులు లేని వైపు పెట్టి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవర్ మెల్లగా దించు. పైనున్న మూత వెనక్కి జరిగి, లోపలినుంచి ఒక ఇత్తడి దిమ్మ పైకి లేస్తుంది. తూటాని ఎత్తి గొట్టానికి అందించేది అదే. పైన ఖాళీగా కనిపించినా, గొట్టం కింద ఉన్న రెండో గొట్టంలో తూటాలు దాగి ఉండొచ్చు. లీవర్ బిగుసుకుపోతే బలవంతం చెయ్యకు, తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్‌కి చూపించు.

ఇక అసలు సంగతి. 2014 నవంబరులో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కులో ఇదే మోడల్ రైఫిల్ ఒకటి జూనిపర్ చెట్టుకి ఆనించి దొరికింది. ఎవరో అలా నిలబెట్టి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. కర్ర ఎండకి బూడిదరంగు తిరిగి పగిలింది, గొట్టమంతా తుప్పు, భుజానికి ఆనించే మడమ మట్టిలో కూరుకుపోయింది. వయోమింగ్‌లోని కోడీ తుపాకుల మ్యూజియం వాళ్లు ఎక్స్‌రే తీయిస్తే మడమ లోపలి గూట్లో ఒక తూటా బయటపడింది. పాత రికార్డులు తిరగేస్తే ఆ రైఫిల్ 1882 నాటిదని తేలింది. వాళ్లు దాన్ని కొత్తదానిలా చెయ్యలేదు. ఉన్న తుప్పు, ఉన్న పగుళ్లు ఇంకా పాడవకుండా ఆపారు, అంతే.

నేను మాత్రం ముప్పై ఏళ్ల కిందట నా మొదటి కార్బైన్‌ని (పొట్టి గొట్టం రైఫిల్) స్టీల్ ఊల్‌తో ఒక మధ్యాహ్నమంతా రుద్దాను. ఆ ముదురు గోధుమరంగు పొర పోయింది. గొట్టం మీద తయారైన ఊరు 'న్యూ హేవెన్' అన్న అక్షరాల అంచులు అరిగి మొద్దుబారాయి. ఇప్పటికీ దాని మీద వేలు ఆనిస్తే మనసు చివుక్కుమంటుంది.

నువ్వు కాటన్ గ్లవ్స్ వేసుకుని, మెత్తటి గుడ్డకి రెండు చుక్కల సన్నటి గన్ ఆయిల్ అద్ది ఇనుము మీద తుడువు. పొడిగా రాలే ఎర్ర తుప్పు గుడ్డకి వచ్చినంతే రానీ. కర్రకి వార్నిష్ వద్దు. మామూలు స్క్రూడ్రైవర్‌తో స్క్రూలు తిప్పితే వాటి తల మీది గాడి చితికిపోతుంది. తోలు సంచిలో పెట్టి దాచకు, తోలు తేమ పట్టి ఉంచుతుంది.

కాల్చి చూద్దామని ఉంటుంది, తెలుసు. ఈ రైఫిళ్లు పాతకాలం నల్లమందు, అంటే బ్లాక్ పౌడర్ కోసం చేసినవి. వీటిలో వాడే 44-40 రకం తూటాలో 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న తూకం కొలత) మందు, 200 గ్రెయిన్ల సీసం ఉండేవి. ఇప్పటి హై ప్రెజర్ తూటాలకి లోపలి లింకులు తట్టుకోలేవు. గన్‌స్మిత్ విప్పి చూసి సరే అనేదాకా ఆగు.

లీవర్ వెనక అడుగున సీరియల్ నంబర్ ఉంటుంది. ఈ మోడల్ 7 లక్షలకు పైగా చేశారు, కాబట్టి నీది ఏ ఏడాదిదో చెప్పేది ఆ అంకెలే. 1898 లేదా అంతకుముందుదైతే ఫెడరల్ చట్టం దాన్ని యాంటిక్‌గా చూస్తుంది, మీ స్టేట్ రూల్స్ మాత్రం విడిగా కనుక్కో. ఆ కోడీ మ్యూజియంకి రాస్తే దొరికిన రికార్డుతో లెటర్ ఇస్తారు.

నంబర్ ఫోటో ఈ రాత్రికే పంపు. కొన్న స్టీల్ ఊల్ ప్యాకెట్ షాపులో వాపస్ ఇచ్చెయ్.

మీ బాబాయి