సంక్రాంతికి బొంత కుట్టాలంటే ముందు బీరువాలో చీరలు తేల్చండి

అడిగిన ప్రశ్న ఇది: "అమ్మవీ అత్తగారివీ పాత చీరలు పది దాకా ఉన్నాయి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా సెలవులు. ఇంట్లో అందరికీ తలో బొంత కుట్టి ఇద్దామని ఉంది. ఏ డిజైను బాగుంటుంది? మిషను మీద అయిపోతుందా?"

డిజైను అడిగారు, మిషను అడిగారు, గుడ్డ సంగతి అడగలేదు. బొంతలు నూటికి తొంభై పాడయ్యేది గుడ్డ దగ్గరే. మీ పది చీరల్లో పనికొచ్చేవి నాలుగుంటే అదృష్టమనుకోండి.

ఒక్కో చీర అంచు నుంచి నాలుగు పోగులు లాగి స్టీలు పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్ల గీయండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి గింజ కడుతుంది. బూడిదతో పాటు గింజలూ తగిలితే కాటన్ మిక్స్, షాపువాడు ఏం చెప్పి అమ్మినా సరే. పాలిస్టరు, జార్జెట్టు, షిఫాను పక్కన పెట్టేయండి. చెమట పీల్చవు, సూది కింద జారిపోతాయి. అన్నిటికీ మించి, ఉతికినప్పుడు నూలు పొర ముడుచుకుంటుంది, ఇవి ముడుచుకోవు. రెండూ కలిపి కుట్టిన బొంత రెండు ఉతుకులకే బుడగలు బుడగలుగా లేస్తుంది. పట్టుచీరలూ వద్దు. పాత పట్టు మడత పడ్డ చోటల్లా చీలుతుంది.

మిగిలిన నూలు చీరల్లో సన్నపు నేత వెంకటగిరి ఉంటే పసిపిల్లల కోసం దాచండి. మంగళగిరి, నారాయణపేట చీరలు కాస్త గట్టివి, పెద్దవాళ్ళ బొంతకు అడుగు పొరగా బాగా నిలుస్తాయి. కొత్త గుడ్డ కొని కలపాలనిపిస్తే ముందు ఒకటికి రెండుసార్లు ఉతకండి, లేకపోతే అదొక్కటే కుంచించుకుపోయి మిగతా పొరల్ని గుంజుతుంది.

చీర అన్ని చోట్లా ఒకేలా అరగదు. పాదాలకు తగిలే అంచు, కుచ్చిళ్ళు దోపే భాగం, భుజం మీద పిన్ను గుచ్చే చోటు ముందు పోతాయి. కిటికీకి అడ్డం పెట్టి వెలుతురులో చూడండి. అనుమానం వచ్చిన చోట రెండు బొటనవేళ్ళతో పట్టుకుని అడ్డంగా లాగండి. చిర్రుమంటే ఆ భాగం వద్దు. చిన్న చిల్లులైతే లోపలి పొరకు పనికొస్తాయి. ఫాల్ ఊడదీయడం మర్చిపోవద్దు, అది చాలాసార్లు పాలిస్టరే.

ఒక మాట చెప్పాలి. మెత్తబడ్డ నూలు చీరలన్నీ స్టీలు సామాను వాళ్ళకిచ్చి గిన్నెలు తీసుకుంటాం, ఎవరూ కట్టని సింథటిక్ చీరలు బీరువాలో దాచుకుంటాం. ఆ దాచినవి చివరికి భోగి మంటలో పడతాయి, ప్లాస్టిక్ పొగ వీధంతా పీల్చాలి. గిన్నె కొత్తది ఎప్పుడైనా దొరుకుతుంది. ఇరవయ్యేళ్ళు ఉతికి మెత్తబడిన గుడ్డ ఏ షాపులోనూ దొరకదు.

ఇక లెక్క. చీర ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. వెడల్పు 45 నుంచి 47. మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 72 × 45, సరిగ్గా ఒక మనిషి బొంత. అంటే ఒక చీరకు మూడు పొరలు. విజయవాడ, రాజమండ్రి చలికి మూడు పొరలు చాలు. ఆదిలాబాదు వైపో, లంబసింగి వైపో ఉండేవాళ్ళకైతే ఐదు వేయండి, దానికి రెండు చీరలు పట్టి ఒక ముక్క మిగులుతుంది. ఆరు దాటితే చేతిసూది దిగదు.

డబుల్ కాట్‌కు మూడు చీరలు తీసుకోండి. ఒక్కో చీర నుంచి 90 అంగుళాలవి రెండు ముక్కలు, మొత్తం ఆరు. రెండేసి ముక్కలు పక్కపక్కన అతికితే 90 × 89 చొప్పున మూడు పొరలు. ఒక్కో చీరలో 36 అంగుళాలు మిగులుతుంది కదా, ఆ మూడు ముక్కలతో ఒక పసిపిల్లల బొంత వచ్చేస్తుంది, వేరే గుడ్డ అక్కర్లేదు. అతుకులు మాత్రం మూడు పొరల్లోనూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఓ రెండంగుళాలు జరపండి, లేకపోతే మధ్యలో గట్టు కట్టి వీపుకు తగులుతుంది. పొరలన్నిటికీ పడుగు, అంటే చీర పొడవునా ఉండే పోగులు, ఒకే వైపు ఉండాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం వేస్తే ఉతికాక మూలలు మెలి తిరుగుతాయి.

కుట్టే ముందు చీరలన్నీ గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలించాలి. గంజి ఉన్న గుడ్డలో సూది పట్టేస్తుంది, పురుగులకూ అదే ఇష్టం. ఎరుపు, మెరూన్, ముదురు నీలం చీరలైతే తడి మూల మీద తెల్ల గుడ్డ పెట్టి ఇస్త్రీ పెట్టె అదమండి. రంగు అంటిందా, ఆ చీర తెల్లటి దానితో కలపకండి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ చెప్తారు. ఆగదు.

అసలు పని నేల మీద ఉంది. ఇక్కడ తొందరపడ్డ బొంతను తర్వాత ఎవరూ బాగుచేయలేరు. మీ హాల్లో రెండడుగుల పలకలు వేసి ఉంటే అంతకన్నా మంచి కొలబద్ద లేదు. మూడు పలకల పొడవు 72 అంగుళాలు. రెండు పలకల వెడల్పు 48, గుడ్డ 45, అంచు గీతకు సమానంగా పరిస్తే వంకర ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది. నేల తుడిచి ఆరనిచ్చి, అడుగు పొరను మంచి వైపు కిందకు ఉండేలా పరవండి. నాలుగు వైపులా మాస్కింగ్ టేపు అంటించండి. గుడ్డ చదునుగా ఉండాలి, సాగకూడదు. సాగదీసి అంటిస్తే టేపు తీయగానే అది వెనక్కి ముడుచుకుని పై పొరలు ఉబ్బుతాయి. రెండో పొర వేసి అరచేతులతో నడిమి నుంచి అంచులకు నిమరండి. అంచు నుంచి లోపలికి నిమిరితే ముడతలన్నీ మధ్యకు చేరి అక్కడే కూర్చుంటాయి. పై పొర కూడా అలాగే వేసి, మూలల్లో బియ్యం డబ్బా, పప్పు డబ్బాలు పెట్టండి.

ఇప్పుడు కచ్చా కుట్టు. తెల్ల దారంతో, రెండేసి అంగుళాల పొడుగు కుట్లు. ముదురు రంగు దారం వద్దు, తీసేశాక కూడా లేత గుడ్డ మీద మరక ఉండిపోతుంది. నడి మధ్య నుంచి మొదలుపెట్టి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, తర్వాత ఆరేసి అంగుళాలకొకటి చొప్పున అంచుల దాకా. అంతా అయ్యాక టేపు తీసి బొంతను తిరగేసి చూడండి. అడుగున ఒక్క మడత కనిపించినా ఆ భాగం ఇప్పుడే విప్పి వేయండి, పక్కా కుట్టు పడ్డాక అది జన్మకు పోదు. ఈ పనికి గంటన్నర పడుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే డైనింగ్ టేబుల్ మీద చేయొచ్చు గానీ, గుడ్డ పక్కలకు వేలాడి బరువుకు సాగకుండా కింద కుర్చీలు ఆనించండి.

సూది 7వ నంబరు తీసుకోండి. చేతిసూదికి నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది, మిషను సూదికి నంబరు పెరిగితే లావవుతుంది. ఈ తేడా తెలియక షాపులో 16 అడిగి తెచ్చుకునేవాళ్ళు చాలామంది. దారం 8వ నంబరు పెర్ల్ కాటన్, అంటే పురి తిరిగి మెరిసే లావు నూలు దారం. అంగుళానికొక వరస వేస్తే 45 వరసలు, ఒక్కోటి రెండు గజాలు. పైకీ కిందకీ దిగే పొడవు, ముడులు కలుపుకుంటే 100 మీటర్లు దాటుతుంది. పది గ్రాముల ఉండలో 85 మీటర్ల దాకానే ఉంటుంది, అందుకని రెండు ఉండలు ఒకేసారి కొనండి. తర్వాత వెళ్తే అదే షేడు దొరకదు.

దారం మూరెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. పొడుగ్గా తీసుకుంటే పని తగ్గుతుందనుకుంటారు, చిక్కులు విప్పడంలో ఆ సమయమంతా పోతుంది. ఉండ నుంచి ముందు బయటికొచ్చిన కొసనే సూదిలో ఎక్కించండి, పురి అటే ఉంటుంది కాబట్టి తక్కువ మెలి పడుతుంది. కొవ్వొత్తి మైనం మీద ఒకసారి లాగితే ఇంకా మంచిది. ముడి పొరల మధ్యకు లాగేయండి. సూది మీద నాలుగైదు కుట్లు ఎక్కించి ఒకేసారి లాగాలి, అంగుళానికి మూడు నాలుగు కుట్లు పైన కనబడాలి. మధ్య వేలికి అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేసుకునే తొడుగు) లేకుండా మొదలుపెడితే రెండో రోజు మానేస్తారు.

మొదటి వరస నడిమిది. అక్కడి నుంచి ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు. ప్రతి వరస పూర్తవగానే, ముడి వేయకముందే, రెండు చేతులతో ఆ వరస పొడవునా బొంతను లాగి చూడండి. దారం బిగుసుకుని గుడ్డ నొక్కుకుపోయినట్టుంటే మీరు గట్టిగా లాగుతున్నారు, కాస్త వదలండి. ఒక్కో వరసకు పావంగుళం బిగించినా చివరికి బొంత దీర్ఘచతురస్రంలా ఉండదు, పనసతొనలా వంగుతుంది.

కొత్త చేతికి ఒక వరసకు ఇరవై నిమిషాలు. నలభై ఐదు వరసలకు పదిహేను గంటలు. రోజూ రెండు గంటలు కూర్చుంటే ఎనిమిది రోజులు. అంటే మీ సెలవుల్లో రెండు బొంతలు అవుతాయి, "అందరికీ తలో బొంత" అవ్వదు. ఎవరికో ఇద్దరికి నిర్ణయించుకోండి.

మిషను మీద ఒక మధ్యాహ్నంలో అవుతుంది, నిజమే. కానీ కింది పళ్ళు అడుగు పొరను లాగుతాయి, పై పాదం పై పొరను దాంతో పాటు కదలనివ్వదు. వరస చివరికొచ్చేసరికి పై గుడ్డ అంగుళం మిగిలిపోయి మడత పడుతుంది. వాకింగ్ ఫుట్ (పై పొరను కూడా లాగే పాదం) బిగించుకుంటే ఈ బాధ తప్పుతుంది. పాత నల్ల మిషనైతే పైనున్న ప్రెషరు స్క్రూ రెండు మూడు చుట్లు వదులు చేసి, 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవు బాగా పెంచండి. వరసలన్నీ ఒకే దిక్కు నుంచి కుట్టండి. ఒకటి అటు, ఒకటి ఇటు కుడితే బొంత మెలికలు పడుతుంది. మిషను బొంత చేతి బొంతంత మెత్తగా ఒదగదు, ఇది మాత్రం ఎవరు కాదన్నా ఒప్పుకోను.

చుట్టూ అంచుకు ఇంకో చీర అంచు వాడండి. ఇదే చీర అంచు కోస్తే వెడల్పు తగ్గిపోతుంది. జరీ లేని అంచు చూసి రెండున్నర అంగుళాల పట్టీ కోసి, మధ్యకు మడిచి, పైనుంచి కుట్టి వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయాలి. చుట్టుకొలత 234 అంగుళాలు, మూలలకు ఇంకో పది పన్నెండు. ఒక వైపు అంచు 216 మాత్రమే వస్తుంది. అదే చీర రెండో వైపు అంచు నుంచి ముక్క తీసి, ఏటవాలుగా అతికితే ఉబ్బు కనబడదు.

డిజైను అడిగారు కాబట్టి చెప్తున్నా. మొదటిసారే చదరాల అతుకుల జోలికి వెళ్ళకండి. ఆరంగుళాల చదరాలు వరసకు పన్నెండు, మధ్యలో పదకొండు కుట్లు. ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చినా వరస చివరికి అంగుళంపావు దాటుతుంది, పక్క వరసతో మూలలు కలవవు. అతుకులే కావాలంటే కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే కవంది (అతుకుల బొంత) పద్ధతి మేలు. వాళ్ళు అడుగు గుడ్డ అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క అంచు లోపలికి మడిచి పెడుతూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. ముక్కలన్నీ ఒకే కొలత ఉండనక్కర్లేదు.

బొంత అందని వాళ్ళకు మసిగుడ్డలు కుట్టండి, నవ్వకండి. తొమ్మిదంగుళాల చదరం, ఆరు పొరలు, పక్కాగా నూలు. లోపల ఒక్క పొర పాలిస్టరు ఉన్నా వేడి గిన్నెకు కరిగి చేతికి అంటుకుంటుంది. మూలకు ఉరి పెడితే మేకుకు తగిలించుకుంటారు. ఒక చీరకు ఇరవై దాకా వస్తాయి.

పసిపిల్లలకైతే పూసలు, కుచ్చులు, బొత్తాలు ఏవీ వద్దు. మూడు పొరలకు మించొద్దు. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు ఏ బొంతా పక్కలో ఉంచకూడదని, ముఖం మీదకు జరిగితే ప్రమాదమని ఇచ్చేటప్పుడే చెప్పండి. మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించుకోవడానికి వాడుకుంటారు.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేవాళ్ళు మూడు పొరలతోనే ఆపండి, అరకిలో చుట్టుపక్కలే తూగుతుంది. అక్కడ డ్రయ్యర్‌లో ఎక్కువ వేడికి పెట్టొద్దని ఒక చీటీ రాసి లోపల పెట్టండి. మొదటి ఉతుకు విడిగా, చల్లనీళ్ళలో. తడిసిన బొంత బరువు బాగా పెరుగుతుంది, ఒకే తీగ మీద వేస్తే మధ్యలో సాగిపోతుంది. రెండు తీగల మీద పరిచి, రంగు పోకుండా నీడలో ఆరనివ్వండి.