డాక్టర్ సలహా: కథలు చెప్పే పిల్లాడు పుస్తకం తెరిస్తే తడబడుతున్నాడెందుకు?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి చదువుతున్నాడు. ఏ కథైనా ఒక్కసారి వింటే పూసగుచ్చినట్లు తిరిగి చెబుతాడు. నోటి లెక్కలు చురుగ్గా చేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం కూడబలుక్కుంటూ చదువుతాడు. ‘కలప’ అని ఉంటే ‘పలక’ అంటాడు. రాసేటప్పుడు ఒత్తులు వదిలేస్తాడు. టీచర్ బద్ధకం అంటున్నారు. తప్పు రాసిన ప్రతి మాటనూ ఇరవైసార్లు రాయిస్తున్నాను, మర్నాడు మళ్లీ అదే తప్పు. రెండు నెలలుగా బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి అంటున్నాడు. జ్ఞాపకశక్తికి టానిక్ వాడమంటారా? రంగు కళ్లద్దాలు పెడితే చదువు వస్తుందంటున్నారు, నిజమేనా? స్కూలు మార్చాలా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఇరవైసార్లు రాయించడం ఈ రోజే ఆపేయండి. ఆ నోటు పుస్తకం తీసి ఒక్కసారి పరిశీలనగా చూడండి. చాలామంది పిల్లలు ‘పుస్తకం’ అనే మాటను ఇరవైసార్లు రాయమంటే మొదట ‘పు’ను పై నుంచి కిందకు ఇరవైసార్లు, ఆ తర్వాత దాని పక్కన ‘స్త’ను ఇరవైసార్లు రాసుకుంటూ పోతారు. అప్పుడు పేజీ నిండుతుంది కానీ, ఆ పిల్లవాడు ‘పుస్తకం’ అనే మాటను ఒక్కసారి కూడా రాసినట్లు కాదు. మూడో వరుసలో ఒత్తు జారిపోతే చివరి వరుస దాకా అదే తప్పు దిగుతుంది, అంటే తప్పునే సాధన చేయించినట్లవుతుంది.

వినడంలో, మాట్లాడడంలో, నోటి లెక్కల్లో ఇంత చురుగ్గా ఉన్న పిల్లవాడు చదవడంలో, రాయడంలో మాత్రమే వెనకబడుతున్నాడంటే డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఇబ్బంది కలిగించే అభ్యసన లోపం, ఉందేమోనని అనుమానించాలి. ఉత్తరం చదివి నిర్ధారించడం కుదరదు. కానీ మీరు రాసిన లక్షణాలు వైద్యులకు కొత్తవి కావు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెర్సీ అనే పద్నాలుగేళ్ల బాలుడి గురించి రాశారు. ఆ అబ్బాయి 749ని 867తో చకచకా గుణించి సరైన జవాబు చెప్పేవాడు, కానీ తన పేరు రాయమంటే అందులోని అక్షరాలనే తారుమారు చేశాడు. పాఠమంతా నోటిమాటగానే సాగితే బడిలో వాడే అందరికన్నా తెలివైనవాడని అతని ఉపాధ్యాయుడు అన్నారట. ఆ మాటను మీ బాబు టీచర్ గారికి కూడా చెప్పి చూడండి.

అసలు ఇబ్బంది చాలామందిలో కంటి దగ్గర కాదు, శబ్దం దగ్గర ఉంటుంది. చెవిన పడిన మాటను చిన్న చిన్న శబ్దాలుగా విడదీసి, ఒక్కో శబ్దాన్నీ అక్షరంతో జతచేసే పని మెదడులో తేలిగ్గా జరగదు. అందుకే అక్షరాలన్నీ తెలిసినా ‘కలప’ ‘పలక’ అయిపోతుంది, పలికేటప్పుడు వినిపించే ఒత్తు రాతలోకి రాదు. ఇది తరచూ కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి, మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పుడు చదవడం కష్టమయ్యేదా అని గుర్తు చేసుకోండి. చదవడం, రాయడం, లెక్కలు అన్నీ కలిపి చూస్తే ఇలాంటి అభ్యసన లోపాలు బడి వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఉంటాయని అంచనా. అంటే నలభై మంది ఉన్న తరగతిలో కనీసం ఇద్దరైనా ఉండవచ్చు.

నిర్ధారణకు ముందు కంటిచూపు, వినికిడి పరీక్షలు చేయించాలి. మధ్య చెవిలో నీరు చేరి కొన్ని శబ్దాలు సరిగా వినబడని పిల్లలు కూడా ఇలాగే తడబడతారు, దానికి చికిత్స వేరు. ఆ రెండూ బాగున్నాయని తేలితే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర తెలివితేటలు, చదవడం, రాయడం, లెక్కలు, ఏకాగ్రతలను విడివిడిగా అంచనా వేయించండి. ఏకాగ్రత లోపం డిస్లెక్సియాతో కలిసి రావడం సాధారణమే కాబట్టి ఆ భాగాన్ని వదిలేయకూడదు. తగిన సాయం అందించినా ఆరు నెలలకు మించి ఇబ్బంది కొనసాగితేనే డిస్లెక్సియా అని నిర్ధారిస్తారు. అయితే ఆ సాయం మొదలు పెట్టడానికి నిర్ధారణ పత్రం చేతికి వచ్చేదాకా ఆగనవసరం లేదు.

టానిక్ అవసరం లేదు. డిస్లెక్సియాను తగ్గించే మందు ఇప్పటివరకూ లేదు. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలతో చదువు వస్తుందనడానికి సరైన ఆధారాలు లేవని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2009లోనే కంటి వైద్య సంఘాలతో కలిసి చెప్పింది. ఆ డబ్బును ఇలాంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్ కోసం వెచ్చించండి. శబ్దాలను, అక్షరాలను ఒక క్రమంలో, తేలికైన వాటితో మొదలుపెట్టి, చూపిస్తూ, పలికిస్తూ, రాయిస్తూ, మళ్లీ మళ్లీ నేర్పే పద్ధతే ఇప్పటికి బాగా పనిచేస్తోంది. తొమ్మిదేళ్లకు ఆలస్యం అయిపోలేదు, కానీ ‘పెద్దయ్యాక అదే వస్తుంది’ అని ఊరుకుంటే వెనకబాటు పెరుగుతుంది.

ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు పుస్తకం తెరవకుండా మాటలతో ఆడండి. ‘పలకలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?’ అని అడగండి. ‘పుస్తకం’ అని పలికిస్తూ పు, స్త, కం అన్నప్పుడల్లా ఒక్కో గుండీని బల్ల మీద పెట్టమనండి; ఆ తర్వాత రెండో గుండీని వేలితో నొక్కిపెట్టి, ‘ఇందులో ఎన్ని శబ్దాలు దాక్కున్నాయి?’ అని అడిగితే ‘స’ వెనక ‘త’ ఉందన్న సంగతి వాడికే వినిపిస్తుంది. ఆ తర్వాత పక్కన కూర్చుని, వాడి స్థాయికి తగిన పుస్తకాన్ని ఇద్దరూ ఒకే గొంతుగా చదవండి. ఒంటరిగా చదవగలననిపించినప్పుడు బల్ల మీద తట్టమనండి, మీరు ఆగిపోండి. ఎక్కడైనా ఆగిపోతే నాలుగైదు క్షణాలు ఎదురుచూసి, రాకపోతే మాట అందించి మళ్లీ కలిసి ముందుకు సాగండి. ‘నిన్ననేగా చెప్పాను’ అన్న మాట ఆ ఇరవై నిమిషాల్లో నోట రాకూడదు. ఇక సైన్సు, సోషల్ పాఠాలు మీరే చదివి వినిపించండి, లేదా రికార్డు చేసి పెట్టండి. చదవడం రానంత మాత్రాన పాఠంలోని విషయం వాడికి అందకుండా పోకూడదు.

బడిలో టీచర్ గారిని కలిసినప్పుడు ‘కాస్త శ్రద్ధ పెట్టండి’ అని అడిగితే ఆ మాట అక్కడితో పోతుంది. కచ్చితమైనవి ఐదు అడగండి: ముందుగా చెప్పకుండా తరగతిలో లేపి పైకి చదివించవద్దు, బోర్డు మీది పాఠాన్ని చూచిరాతగా దించుకోమనకుండా అచ్చు కాగితం ఇవ్వాలి, పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలి, ప్రశ్నలు ఎవరైనా చదివి వినిపించాలి, భాషా పరీక్ష కాని చోట అక్షరదోషాలకు మార్కులు తీయవద్దు. మిగతా పిల్లలకు అన్యాయం కాదా అని అడిగితే, సైన్సు పరీక్ష పెట్టేది సైన్సు ఎంత తెలుసో చూడడానికి కదా అనండి. చదివే వేగం అక్కడ లెక్కలోకి రాకూడదు.

కడుపునొప్పి నాటకం కాదు. భయం, ఆందోళన పిల్లల్లో నిజమైన నొప్పిగానే బయటపడతాయి. సెలవు రోజుల్లో వస్తోందో లేదో రెండు వారాలు రాసిపెట్టుకోండి. నొప్పితో రాత్రి నిద్ర లేస్తున్నా, బరువు తగ్గుతున్నా, వాంతులవుతున్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే పిల్లల వైద్యుడికి చూపించాలి. అవేమీ లేకుండా బడి ఉన్న ఉదయాల్లోనే వస్తుంటే, తరగతి గదిలో వాడికి ఏం జరుగుతోందో నెమ్మదిగా అడిగి తెలుసుకోండి.

స్కూలు ఇప్పుడే మార్చవద్దు. అంచనా నివేదిక చూపించి, పై ఐదూ అమలు చేయమని ఒక టర్మ్ గడువు ఇవ్వండి. అప్పటికీ బద్ధకమనే అంటుంటే మారే విషయం ఆలోచించవచ్చు. సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు గత రెండేళ్ల నోటు పుస్తకాలు వెంట తీసుకెళ్లండి. అందంగా ఉన్నవి ఏరి తీసుకెళ్లకండి, కొట్టివేతలు, ఎర్ర సిరా గుర్తులు ఉన్న పేజీలే వారికి ఎక్కువ ఉపయోగపడతాయి.