కుక్క కోపానికి ఇంటి మందు అడిగారు కదా, ముందు దాని చెవులు చూడండి

మా రెండేళ్ల ల్యాబ్రడార్ (ల్యాబ్) కుక్క ఈ మధ్య ఇంట్లోవాళ్ల మీదకే వస్తోంది, ఇంగ్లీషు మందులు వద్దు, సహజంగా శాంతపడేలా ఏదైనా చిట్కా చెప్పండి అని అడిగారు. ఉందండి, కానీ అది పోపుల డబ్బాలో దొరికేది కాదు. మొన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి పళ్లు చూపిస్తోందంటే చాలాసార్లు దానికి ఎక్కడో నొప్పి ఉంటుంది, ఈ మాట మీద నన్ను ఎవరూ కదల్చలేరు.

మాది రాజమండ్రి. మా ఇంట్లో స్పిట్జ్ ఉండేది, బంటి, వీధిలో అందరూ పమేరియన్ అనేవాళ్లు. అమ్మ ఒళ్లో పడుకుంటే గానీ నిద్రపోయేది కాదు. అలాంటిది ఒక వానాకాలం అమ్మ మెడ దగ్గర దువ్వుతుంటే గుర్రుమని చెయ్యి పట్టేసింది, పళ్లు దిగిపోయాయి. ఇంక సలహాలు మొదలు. మావయ్యేమో గొలుసేసి రెండు తగిలించు, దారికొస్తుంది అన్నాడు, పక్కింటి పిన్నిగారు దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు, మేడ మీద ఆయన గసగసాలు నూరి పాలల్లో పట్టించండి మత్తుగా పడుంటుంది అన్నారు. మత్తుగా పడుండటం శాంతం ఎలా అవుతుందండీ, నొప్పి అలాగే ఉంటుంది, అది చెప్పుకోలేదు అంతే.

నేను దాన్నే చూస్తూ కూర్చున్నా. తల కుడివైపుకి వంచి నడుస్తోంది, మాటిమాటికీ చెవులు దులుపుతోంది, కుడివైపు నుంచి ఎవరు చెయ్యి చాపినా మీదకొస్తోంది, ఎడమవైపు నుంచి వెళ్తే తోక ఊపుతోంది. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు మూతికి గుడ్డ కట్టించి, టార్చి వేసి, కుడి చెవి లోపలి మడతల్లోంచి గోమార్లు ఒక్కొక్కటే లాగారు, రక్తం తాగి శనగగింజల్లా ఉబ్బి ఉన్నాయి, కింద చర్మమంతా పుండు, చీము వాసన. కడిగి చుక్కల మందు రాసిచ్చారు. పుండు మానాక బంటి మళ్లీ అమ్మ ఒళ్లోకి చేరింది, తర్వాత ఎప్పుడూ ఎవర్నీ కరవలేదు. ల్యాబుల్లో అయితే చెవులు వేలాడుతూ ఉంటాయి, గాలి ఆడదు, స్నానం చేయించాక తడి ఉండిపోతే చెవి చెడుతుంది, తుంటి కీళ్ల నొప్పులు కూడా ఈ జాతికి ఎక్కువే. అందుకే మీకు ముందు చెవులు, పళ్లు, నడుము చూపించమంటున్నా.

ఇక్కడే ఒక మాట. గోమార్లకి కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని ప్రతి వీడియోలో చెప్తున్నారు. కర్పూరం కుక్కకి విషం, ఒళ్లు నాక్కుంటే లోపలికి పోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. టీ ట్రీ ఆయిల్ కూడా అంతే, పిల్లులకైతే ఇంకా ప్రమాదం. సహజం అని సీసా మీద రాసినంత మాత్రాన ప్రాణానికి మంచిదైపోదు. కుక్క కరిచిన చోట కారం, సున్నం, పసుపు పెట్టడం కూడా ఇలాంటిదే, వినగానే నా ఒళ్లు మండిపోతుంది. మేం అమ్మ చెయ్యిని కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఇంజెక్షన్ మొదలుపెట్టించి కోర్సు మొత్తం పూర్తి చేయించాం, బంటికి ఏటా టీకా వేయిస్తున్నా సరే. మీ ల్యాబ్‌కి రేబిస్ టీకా వేయించకపోతే, పైగా చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే, దాన్ని ముట్టుకోకుండా ముందు డాక్టరుకి ఫోన్ చేయండి.

నొప్పి ఏమీ లేదని తేలితే అప్పుడు నా చిట్కా. పొద్దున్నే ఎండ రాకముందు బయటికి తీసుకెళ్లి దాన్ని వాసన చూడనివ్వండి. మనవాళ్లు ఫోన్ చూస్తూ తాడు పట్టి లాక్కెళ్లిపోతారు, కుక్క ఒక స్తంభం దగ్గర ఆగితే చాలు చిరాకు. కుక్కకి లోకమంతా ముక్కులోనే ఉంది, ముక్కుకి పని దొరికితే సగం కోపం అక్కడే దిగిపోతుంది. ఇంట్లో అయితే ఉతికిన గోనెసంచి మడతల్లో దాని తిండి చల్లి వెతుక్కోనివ్వండి, గిన్నెలో పెట్టొద్దు. ఉప్పు వేయని గట్టి పెరుగు పళ్లేనికి రాసి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే నాకుతూ కూర్చుంటుంది, నాకడం వల్ల కుక్కలు నెమ్మదిస్తాయి.

గుర్రుమంటే మాత్రం కొట్టకండి. అది దగ్గరికి రావద్దు అని చెప్పడం, ఆ మాటకి దెబ్బలు పడితే రేపు చెప్పకుండానే కరుస్తుంది. మా ఊళ్లో ఇంకో దరిద్రం, కాపలా కుక్కకి పౌరుషం రావాలని అన్నంలో కారం కలిపి పెట్టి పగలంతా చీకటి గదిలో కట్టేస్తారు. అది పౌరుషం కాదు, కడుపుమంట, భయం. నెల నిండని పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి అమ్మేవాళ్లని చూసినా ఇంతే కోపం నాకు, 2018లో వచ్చిన పెట్ షాప్ రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదు. తోడబుట్టిన పిల్లలతో కొరుక్కుంటూ ఆడుకుంటేనే కదా ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో దానికి తెలిసేది.

మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో అది కోపం చూపించే తీరు దూరం నుంచి వీడియో తీసుకోండి, కావాలని రెచ్చగొట్టొద్దు. ఆసుపత్రి బల్ల ఎక్కగానే చాలా కుక్కలు బిగుసుకుపోతాయి, అక్కడ ఏమీ కనపడదు. ఏ వైపు నుంచి వెళ్తే వస్తోంది, తినేటప్పుడా, పడుకున్నప్పుడా అనేది కాగితం మీద రాసుకెళ్తే ఆయనకి పని తేలిక.