మెకానిక్‌కు నిద్ర పాఠం ఎందుకు?

ప్రశ్న: విమానాల మెయింటెనెన్స్ చదువుతున్న మా తమ్ముడికి ఇంజిన్లతో పాటు అలసట, నిద్ర, ఒత్తిడి మీద కూడా పరీక్ష ఉందట. మెకానిక్‌కు ఇవెందుకండీ?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అవునమ్మా, డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే సంస్థ) లైసెన్సు పరీక్షల్లో మాడ్యూల్ 9, అంటే తొమ్మిదో పేపరు, అదే. పని పరిస్థితులు మనిషి చేత తప్పులెలా చేయిస్తాయో ఒక ఘటన చూడండి. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్‌లో బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో, 17,300 అడుగుల ఎత్తున కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయి ఆయన సగం బయటికి వెళ్లిపోయారు; సిబ్బంది కాళ్లు పట్టుకోవడం వల్ల బతికారు. అంతకుముందే మార్చిన ఆ అద్దాన్ని బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికంటే సన్నవి. మనుషులు చాలక రాత్రి డ్యూటీ మేనేజరే స్వయంగా పనికి దిగి, తెల్లవారుజామున మసక వెలుతురులో, విడిభాగాల జాబితా చూడకుండా పాత బోల్టుతో కంటికొలతగా పోల్చి కొత్తవి ఏరుకున్నారు. ఆ పాతవి కూడా సరైనవి కావు. ఇంకొకరు తనిఖీ చేయాలన్న నిబంధన ఆ పనికి లేనే లేదు. అలాంటప్పుడు ఒక్కరిని ఉద్యోగంలోంచి తీసేస్తే (మన దగ్గర ముందు తోచేది అదే) మిగతా లోపాలు అలాగే ఉంటాయి. అందుకే భద్రతా నిర్వహణలో, కావాలని చేసిన ఉల్లంఘన, ఘోర నిర్లక్ష్యం తప్ప, పొరపాటును తానే చెప్పుకున్నవారిని శిక్షించకుండా కారణాలు వెతుకుతారు. ఇంకో మాట, షిఫ్టు మారేటప్పుడు మిగిలిన పనిని నోటిమాటతో సరిపెట్టక కాగితం మీద రాసి అప్పగించమని మీ తమ్ముడికి చెప్పండి.